జీతాల కింద పోయిన జిల్లాలు

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో ఇంగ్లండు, ఫ్రాన్స్, స్పెయిన్ ఒక శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులో చాలా భాగం కెనడా గురించి, ఫ్లోరిడా గురించి, కరీబియన్ దీవుల గురించి. పదకొండో నిబంధన దగ్గరకొచ్చేసరికి మాత్రం మనకు తెలిసిన పేరొకటి తగులుతుంది. దక్కన్‌కు న్యాయమైన సుబేదారు (మొగలాయి పాదుషా పేరున ఏలే పాలకుడు, అంటే నిజాం) సలాబత్ జంగ్ అని ఇంగ్లండు, ఫ్రాన్స్ ఒప్పుకుంటున్నాయట. తమాషా ఏమిటంటే అప్పటికి సలాబత్ జంగ్ బీదర్ కోటలో ఖైదీ. అంతకు ముందు ఏడాదే తమ్ముడు నిజాం అలీ ఖాన్ అతన్ని దించేసి గద్దెక్కాడు. ఒప్పందం రాసినవాళ్ళు పాత పేరే రాసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో సలాబత్ జంగ్ ఆ ఖైదులోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

కెనడా ఎవరిదో తేల్చుకునే కాగితంలోకి హైదరాబాద్ ఎలా వచ్చింది? మన పాఠ్యపుస్తకాల్లో దీనికి జవాబు ఉండదు. వాటిలో ప్లాసీ ఉంటుంది, బక్సర్ ఉంటుంది, ఆ తర్వాత ఒక్క గెంతులో సైన్య సహకార పద్ధతి (కంపెనీ సైన్యాన్ని రాజు తన ఖర్చుతో పోషించే ఒప్పందం) వస్తుంది. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కి చదివే ఎవరినైనా లేపి అడగండి, నిద్రలో కూడా చెబుతారు: 1798, వెల్లస్లీ, మొదట చేరింది నిజాం. ఒక మార్కు. ఆ మార్కు వెనక ఉన్న లెక్క మాత్రం ఎవరూ అడగరు.

ఆ లెక్క జీతాల లెక్క. నిజాంలు తమ దేశంలోని పెద్ద పెద్ద భాగాలను యుద్ధంలో ఓడి పోగొట్టుకున్నది తక్కువ. అద్దెకు తెచ్చుకున్న సైన్యానికి జీతాలు ఇవ్వలేక రాసిచ్చింది ఎక్కువ. 1753లో కోస్తా, 1800లో రాయలసీమ, 1853లో బేరార్ (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు ప్రాంతం). సుమారు యాభై ఏళ్ళకోసారి ఒక ముక్క. ఆంధ్ర, సీమ, తెలంగాణ అని మనం ఇవాళ అనుకునే విభజనలో ఈ మూడు తేదీలకున్న పాత్ర ప్లాసీకి లేదని నా అభిప్రాయం.

సైలీసియాలో మొదలైన తగాదా

1740లో ఆస్ట్రియా చక్రవర్తి ఆరో చార్లెస్ చనిపోయాడు. కూతురు మరియా థెరీసాకు వారసత్వం వచ్చింది. ఆడపిల్ల కదా అనుకున్నాడో ఏమో, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆ డిసెంబరులోనే సైలీసియా అనే సంపన్నమైన ప్రాంతాన్ని ఆక్రమించాడు. ఫ్రాన్స్ ఒక వైపు, ఇంగ్లండు ఇంకో వైపు చేరాయి. 1744 నాటికి ఆ రెండూ నేరుగా యుద్ధంలో ఉన్నాయి. సముద్రం మీద కొట్లాట మొదలయ్యాక అది పాండిచ్చేరికీ మద్రాసుకూ రాకుండా ఉండదు. 1746 సెప్టెంబరులో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకున్నారు.

కొద్ది వారాలకే అడయార్ నది దగ్గర జరిగిన చిన్న యుద్ధం మాత్రం పెద్ద మలుపు. వెయ్యి మంది కూడా లేని ఫ్రెంచి దళం, ఆర్కాటు నవాబు కొడుకు మహ్‌ఫూజ్ ఖాన్ నడిపిన దాదాపు పదివేల సైన్యాన్ని చెదరగొట్టింది. వరస కట్టి నిలబడటం, ఒకరు మందు దట్టించుకునేలోపు ఇంకొకరు కాల్చడం, హుకుం వస్తే తప్ప కదలకపోవడం: ఈ కవాతు గుర్రాల దండును ఆపేసింది. ఆ రోజు నుంచీ దక్కన్‌లో గద్దె కావాలనుకున్న ప్రతివాడికీ అలాంటి పటాలం ఒకటి కావాల్సి వచ్చింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మొగలాయి పద్ధతిలో సర్దారుకు జాగీరు ఇస్తారు. దాని మీద వచ్చే శిస్తుతో అతనే గుర్రాలనూ రౌతులనూ పోషించుకుంటాడు. ఖజానా నుంచి నెలనెలా నగదు కదలక్కర్లేదు. కవాతు నేర్చిన సిపాయి అలా బతకడు. అతనికి పొలం లేదు, గుర్రం లేదు, నెల జీతమే ఆధారం. రాజుకు ఆదాయం పంటకోసారి వస్తుంది, అదీ సగం మంది జమీందార్లు ఎగ్గొట్టగా మిగిలింది. ఖర్చేమో నెలనెలా. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోంచే తర్వాతి వందేళ్ళ చరిత్ర నడిచింది.

1748లో రెండు సంగతులు కలిసొచ్చాయి. యూరప్‌లో శాంతి కుదిరింది. మద్రాసును ఇంగ్లీషువాళ్ళకు తిరిగి ఇచ్చేశారు, బదులుగా ఉత్తర అమెరికాలోని లూయిస్‌బర్గ్ కోట ఫ్రాన్స్‌కు దక్కింది. ఇక్కడ మొదటి నిజాం ఆసఫ్ జా బుర్హాన్‌పూర్‌లో కన్నుమూశాడు. పాండిచ్చేరి గవర్నర్ డూప్లే చేతిలో పనిలేని సైన్యం ఉంది. హైదరాబాద్ గద్దె కోసం కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ కొట్టుకుంటున్నారు. ఇంగ్లండుతో అధికారికంగా శాంతి కాబట్టి యుద్ధం చేయకూడదు, కానీ వారసులకు సైన్యాన్ని అద్దెకిస్తే ఎవరు కాదంటారు? డూప్లే తెలివంతా అదే. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్‌ను కడప నవాబు చంపాడు. రెండు నెలలకు రాయచోటి దగ్గర కర్నూలు నవాబు చేతిలో ముజఫర్ జంగ్ పోయాడు. దండుతో ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే, శిబిరంలో ఉన్న సలాబత్ జంగ్‌ను నిజాం చేశాడు. గద్దెక్కించినవాడు ఇక పక్కనే ఉంటాడు. అతని సైన్యానికి జీతాలు కూడా ఉంటాయి.

దివాను ఎత్తు, బుస్సీ పైఎత్తు

ఫ్రెంచివాళ్ళను కత్తితో వెళ్ళగొట్టలేమని దివాన్ సయ్యద్ లష్కర్ ఖాన్ గ్రహించాడు. జీతాలు ఆపితే వాళ్ళే పోతారని లెక్కేశాడు. బుస్సీ జబ్బుపడి బందరు వెళ్ళిన అదను చూసి పటాలాన్ని తలా ఒక చోటికి పంపి, చెల్లింపులు బిగబట్టాడు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అసలు సంగతి అర్థం చేసుకున్న మొదటి మనిషి ఇతనే. కానీ బుస్సీ తిరిగొచ్చి ఔరంగాబాద్‌లో కూర్చుని, నెలనెలా మిమ్మల్ని అడగడం ఎందుకు, నాలుగు సర్కార్లు (కోస్తా జిల్లాలు) మాకు రాసివ్వండి, జీతాలు మేమే వసూలు చేసుకుంటాం అన్నాడు. అలా 1753 చివర్లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు ఫ్రెంచివాళ్ళ చేతికి వెళ్ళాయి. వాచ్‌మన్‌కి జీతం ఇవ్వలేక ఇంట్లో పై పోర్షన్ రాసిచ్చినట్టయింది.

1756లో కొత్త దివాన్ షా నవాజ్ ఖాన్ ఇంకో ప్రయత్నం చేశాడు. బుస్సీని కొలువు నుంచి తీసేయించాడు. బుస్సీ హైదరాబాద్ వచ్చి చార్ మహల్ తోటలో కందకాలు తవ్వుకుని కూర్చున్నాడు, బందరు నుంచి సాయం వచ్చేదాకా. ఈలోగా షా నవాజ్ ఖాన్ మద్రాసు ఇంగ్లీషువాళ్ళను సైన్యం అడిగాడు. వాళ్ళు పంపడానికి సిద్ధమయ్యారు. సరిగ్గా అప్పుడే, జులైలో, బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా ఇంగ్లీషువాళ్ళ మీద దండెత్తాడన్న కబురు మద్రాసు చేరింది. హైదరాబాద్ ప్రయాణం ఆగిపోయింది. సైన్యాన్ని క్లైవ్ వెంట కలకత్తాకు పంపారు, మరుసటి ఏడాది జూన్‌లో ప్లాసీ జరిగింది. ఆ వార్త ఒక నెల ఆలస్యంగా వచ్చి ఉంటే ఇంగ్లీషు పటాలం మూసీ ఒడ్డున ఉండేది. చరిత్రలో ‘ఉంటే’లకు విలువ లేదంటారు గానీ, ఈ ఒక్కదాన్ని నేను వదులుకోలేను.

బుస్సీ నిలదొక్కుకున్నాడు. ఉత్తరాదిన శిస్తు బకాయిలు వసూలు చేయడానికి, జమీందార్లను దారికి తేవడానికి బయల్దేరాడు. మనకందరికీ తెలిసిన బొబ్బిలి యుద్ధం ఆ వసూలు ప్రయాణంలోనే, 1757 జనవరిలో జరిగింది. బుర్రకథల్లో అది రంగారావుకూ విజయరామరాజుకూ మధ్య పౌరుషాల కథ. అదీ నిజమే. కానీ బుస్సీ ఫిరంగులు అక్కడికి ఎందుకొచ్చాయంటే, హైదరాబాద్‌లో ఉన్న పటాలం జీతాలు ఆ జిల్లాల శిస్తులోంచి రావాలి కాబట్టి. ఫ్రెంచివాళ్ళకు నమ్మకమైన మిత్రుడు విజయనగరం రాజా విజయరామరాజు. బొబ్బిలి కోట కూలాక తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి అతన్ని చంపాడు. తర్వాత గద్దెక్కిన ఆనంద గజపతికి బుస్సీ ఏర్పాట్లు నచ్చలేదు. 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కుని, రమ్మని ఇంగ్లీషువాళ్ళకు కబురుపెట్టాడు. పాపారాయుడి బాకు పోటు ఎంత దూరం వెళ్ళిందో చూడండి.

ఈలోగా యూరప్‌లో మళ్ళీ యుద్ధం. పాత జట్లు తారుమారయ్యాయి: ఈసారి ఫ్రాన్స్ ఆస్ట్రియా పక్షం, ఇంగ్లండు ప్రష్యా పక్షం. 1756 నుంచి 1763 దాకా నడిచిన ఈ సప్తవర్ష సంగ్రామాన్ని మొదటి ప్రపంచ యుద్ధం అనేవాళ్ళున్నారు, నాకు అందులో అతిశయోక్తి కనిపించదు. ఫ్రాన్స్ డబ్బూ మనుషులూ జర్మనీ నేల మీద కరిగిపోయాయి. ఇంగ్లండు నౌకాదళం మీద పెట్టింది. పాండిచ్చేరికి కొత్తగా వచ్చిన ఫ్రెంచి సేనాని లాలీకి మద్రాసు తప్ప ఇంకేం కనబడలేదు. 1758లో బుస్సీని హైదరాబాద్ నుంచి పిలిపించేశాడు. ఏడేళ్ళు కట్టిన కోటను తన చేత్తోనే కూల్చినట్టే.

క్లైవ్ కలకత్తా నుంచి కల్నల్ ఫోర్డ్‌ను సముద్రం మీద పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. ఆ తర్వాత అతని కష్టాలూ జీతాలవే. ఆనంద గజపతి ఇస్తానన్న డబ్బు ఇవ్వడు, బందరు ముందు తెల్ల సోల్జర్లు జీతాల కోసం తిరగబడ్డారు. వెనక నుంచి సలాబత్ జంగ్ దండుతో బెజవాడ దాకా వచ్చేశాడు. ఇక ఆగితే పని జరగదని 1759 ఏప్రిల్ 7 రాత్రి బురద నేల గుండా కూడా మనుషులను పంపి ఫోర్డ్ కోట పట్టేశాడు. పట్టుబడ్డ ఖైదీలు అతని సైన్యం కంటే ఎక్కువ. ఆ మే నెలలోనే సలాబత్ జంగ్ బందరునూ చుట్టుపక్కల ప్రాంతాలనూ ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చి, ఫ్రెంచివాళ్ళను ఇక కొలువులో పెట్టుకోనని ఒప్పందం రాశాడు. క్యూబెక్ పడింది ఆ సెప్టెంబరులో. ఇంగ్లండులో 1759ని అద్భుత సంవత్సరం అని పొగుడుకుంటారు. ఆ అద్భుతాల్లో బందరు వంతు కూడా ఉందని అక్కడ ఎంతమందికి తెలుసో.

1760లో వందవాసి దగ్గర లాలీ ఓడాడు, బుస్సీ పట్టుబడ్డాడు. మరుసటి ఏడాది పాండిచ్చేరి పడింది. లాలీకి స్వదేశంలో 1766లో మరణశిక్ష వేశారు. 1765లో క్లైవ్ మొగల్ పాదుషా షా ఆలం దగ్గర సర్కార్లకు ఫర్మానా రాయించుకున్నాడు. 1766లో నిజాం అలీతో కూడా ఒప్పందం చేసుకుని ఏటా పేష్కష్ (కప్పం) కడతామంది కంపెనీ. అంటే ఫ్రెంచివాళ్ళు జీతం కోసం తీసుకున్న నేల చేతులు మారింది, అంతే. నిజాంకు మాత్రం తిరిగి రాలేదు.

మూసారాంబాగ్ దొర

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం, హైదర్ అలీ కథ ఇక్కడ పక్కన పెడుతున్నాను, హైదరాబాద్ గతి వాటివల్ల పెద్దగా మారలేదు. మార్చింది ఫ్రెంచి విప్లవం, అదీ ఒక మనిషి ద్వారా.

మిషెల్ రేమండ్ గాస్కనీలో 1755లో పుట్టాడు. ఇరవై ఏళ్ళకు పాండిచ్చేరి చేరి, కొన్నాళ్ళు హైదర్ దగ్గర, కొన్నాళ్ళు రెండోసారి వచ్చిన బుస్సీ దగ్గర పనిచేసి, 1786లో నిజాం అలీ కొలువులో చేరాడు. పదేళ్ళలో పదివేలు దాటిన పటాలం తయారుచేశాడు. ఫిరంగులు పోయించాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఆ కార్ఖానాదే. 1793లో పారిస్‌లో రాజు తల తీశారు. ఆ తల తీసినవాళ్ళ మూడు రంగుల జెండాను రేమండ్ పటాలం హైదరాబాద్‌లో నిజాం కొలువులో ఉంటూనే ఎగరేసేది. నిజాం అలీకి అదేం ఇబ్బందిగా ఉన్నట్టు లేదు.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం వచ్చింది. ఇంగ్లీషు గవర్నర్ జనరల్ షోర్ తటస్థంగా ఉంటానన్నాడు. నిజాం ఓడి, నేలా డబ్బూ ఇచ్చి, మంత్రి అరస్తు జా‌ను కూడా పుణెకు బందీగా పంపాడు. కోపంతో కంపెనీ పటాలాలను పొమ్మన్నాడు. అదే ఏడాది కొడుకు అలీ జా తిరగబడితే అణచింది రేమండే. 1798 మార్చి 25న రేమండ్ చనిపోయేనాటికి హైదరాబాద్‌లో అతనికి ఎదురు లేదు. సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. కింద ఉన్న మూసారాంబాగ్ అతని పేరే అంటారు, ఇప్పుడు అక్కడ మెట్రో స్టేషన్.

ఆ మే నెలలో ఒకే వారంలో రెండు ప్రయాణాలు జరిగాయి. కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ కలకత్తాలో దిగాడు. నెపోలియన్ ఈజిప్టుకని తూలాన్ రేవు నుంచి బయల్దేరాడు. టిపుకు వాలంటీర్లు కావాలని మారిషస్ ఫ్రెంచి గవర్నర్ ఆ జనవరిలోనే బహిరంగంగా ప్రకటించి ఉన్నాడు. తీరా వచ్చినవాళ్ళు ఓ వందమంది, కానీ వెల్లస్లీకి ఆ కాగితం చాలు. ముందు హైదరాబాద్‌లో ఫ్రెంచి పటాలం పోవాలి, ఆ తర్వాతే శ్రీరంగపట్నం అన్నది అతని పథకం. సెప్టెంబరు 1న ఒప్పందం కుదిరింది: ఆరు బెటాలియన్లు, ఏటా 24,17,100 రూపాయలు. ఆగస్టు 1నే నైలు నది దగ్గర నెల్సన్ ఫ్రెంచి ఓడలను తగలబెట్టేశాడు. ఏ భయం చూపి ఒప్పందం చేశారో ఆ భయం నెల కిందటే పోయింది. సంతకం పెట్టిన రోజుకు ఆ కబురు ఇండియాకు రాలేదు.

అక్టోబరు 22న పటాలాన్ని రద్దు చేసిన తీరు చూస్తే మళ్ళీ జీతాలే. రేమండ్ తర్వాత వచ్చిన పిరాన్‌ను అతని సిపాయిలే బకాయిల కోసం నిర్బంధించారు. రెసిడెంట్ (నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి) కిర్క్‌పాట్రిక్, కెప్టెన్ మాల్కం ఆ గొడవను అదనుగా తీసుకున్నారు. చుట్టూ కంపెనీ ఫిరంగులు మోహరించారు, జీతాలు ఇప్పిస్తామన్నారు, ఆయుధాలు కింద పెట్టించారు. రక్తం చిందలేదు. కిర్క్‌పాట్రిక్ ప్రేమకథ నగరంలో అందరూ చెబుతారు, కోఠీలో రెసిడెన్సీ భవనం చూపిస్తారు. అతని అసలు ఘనకార్యం ఈ ఒక్క పూట పని.

సీమ, సర్కారు, నిజాం ఇలాకా

1792లో, 1799లో టిపు ఓడిపోయినప్పుడు నిజాంకు వాటా దక్కింది: బళ్ళారి, కడప ప్రాంతాలు. 1800 అక్టోబరులో సైన్యాన్ని ఇంకా పెంచారు. దాని ఖర్చు కింద, ఆ వచ్చిన నేలనంతా కంపెనీకి శాశ్వతంగా ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. రాయలసీమ అనే పేరు 1928 నంద్యాల సభల దాకా ఆగాలి.

ఒక్కో ముక్క ఒక్కో కాలంలో, ఒక్కో అవసరానికి కంపెనీ చేతిలో పడింది కాబట్టి ఒక్కోచోట ఒక్కో పాలన వచ్చింది. సర్కార్లలో జమీందార్లతో శాశ్వత శిస్తు ఒప్పందాలు చేసుకున్నారు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాళ్ళను అణచి, రైతుతోనే నేరుగా లెక్క తేల్చే రైత్వారీ పద్ధతి నిలబెట్టాడు. నిజాం ఇలాకాలో జాగీర్లూ దేశ్‌ముఖ్‌లూ అలాగే ఉండిపోయారు. నూటయాభై ఏళ్ళ తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం ఎవరి మీద జరిగిందో గుర్తుచేసుకుంటే ఈ తేడా బరువు తెలుస్తుంది.

నిజాం అలీని తెలివితక్కువవాడు అనలేం. ఖర్దా తర్వాత అతని ముందున్న దారులు తక్కువ. టిపు 1799లో పోయాడు, పీష్వా 1818లో పోయాడు, హైదరాబాద్ 1948 దాకా నిలిచింది. నేల ఇచ్చి కాలం కొనుక్కున్నాడు, ధర ఎక్కువైందా అన్నదే ప్రశ్న.

ధర అక్కడితో ఆగలేదు. సికింద్రాబాద్‌లో ఉన్న సహాయక సైన్యం కాక, బొల్లారంలో కంటింజెంట్ అని ఇంకో దళం తయారైంది. దానికి జీతాలు కట్టడానికి నిజాం ప్రభుత్వం నగరంలోని పామర్ కంపెనీ దగ్గర నూటికి 24, 25 వడ్డీకి అప్పులు చేసింది. ఆ అప్పు తీర్చడానికి 1823లో సర్కార్ల మీద ఏటా రావాల్సిన ఏడు లక్షల పేష్కష్‌ను కోటీ 16 లక్షల పైచిలుకుకు ఒకేసారి వదులుకున్నారు. 1753లో జీతం కోసం పోయిన కోస్తా మీద మిగిలిన ఆఖరి రూపాయి కూడా ఇంకో సైన్యం జీతాల బాకీలో కలిసిపోయింది.

1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ కంటింజెంట్ బకాయిల కింద బేరార్‌ను రాయించుకున్నాడు. దానితో పాటు తీసుకున్న రాయచూరు దోఆబ్, నల్దుర్గ్ ప్రాంతాలను 1857 తిరుగుబాటులో తోడు నిలిచినందుకు 1860లో వెనక్కి ఇచ్చి, 50 లక్షల బాకీ రద్దుచేశారు. పత్తి పండే బేరార్ మాత్రం ఇవ్వలేదు. 1902లో ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకున్నారు. మరుసటి ఏడాది కంటింజెంట్‌ను ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. ఏ సైన్యం జీతాల కోసం బేరార్ పోయిందో ఆ సైన్యమే ఇక లేదు. అయినా పాలన నాగపూర్ నుంచే నడిచింది. 1936లో నిజాం పెద్దకొడుక్కి ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ అని బిరుదిచ్చారు.